టర్లో ఎగరని బంతులు

బ్రోనాకి అన్నిటికన్నా పెద్ద భయం ఇది: ఆదివారం ఆటలో ఫర్గల్ తలకి మళ్ళీ దెబ్బ తగులుతుంది, తగిలితే ఈసారి మనిషి లేవడు. లేచినా, ఆ లేచినవాడు ఫర్గల్ కాడు.

ఫర్గల్ ఆమె మొగుడు. కిల్‌టోనా జట్టులో మూడో నంబరు, అంటే గోలు ముందు గోడలా నిలబడేవాడు. ఆదివారం కౌంటీ ఫుట్‌బాల్ ఫైనల్; ఇక్కడి ఫుట్‌బాల్లో బంతిని చేత్తో కూడా పట్టొచ్చు. ఎదుటి జట్టు డ్రమ్‌లాసా. వాగుకి అవతలి ఊరు, బ్రోనా పుట్టి పెరిగిన ఊరు. ఆ జట్టులో పద్నాలుగో నంబరు టర్లో, బ్రోనాకి ఒక్కగానొక్క అన్న. పద్నాలుగో నంబరువాడు ఆడేది ఎవరి మీద? మూడో నంబరువాడి మీదే. ఆట సాగినంతసేపూ ఇద్దరూ భుజం భుజం రాసుకుంటూ తిరగాలి, పైనుంచి దిగే ప్రతి బంతికీ కలిసి ఎగరాలి. ఆ ఎగరడంలో ఎవరి మోచెయ్యి ఎవరి కణతకి తగులుతుందో ఎవరు చూడొచ్చారు?

మొదటి దెబ్బ సెమీఫైనల్లో తగిలింది, తల గోలు స్తంభానికి కొట్టుకుని. పడ్డాడు, లేచాడు, మట్టి దులుపుకున్నాడు, జనం చప్పట్లు కొట్టారు. అంతటితో అయిపోయిందనుకున్నారు అందరూ. ఇంట్లో మాత్రం అవలేదు. టీలో పంచదార వేసుకుని, కలుపుకుని, మళ్ళీ డబ్బా కోసం చెయ్యి చాపేవాడు. కిటికీలోంచి కాస్త ఎండ పడితే కళ్ళు మూసుకుని గోడవైపు తిరిగేవాడు. పాకలో దూడల వెనకాల వాంతి చేసుకుని పైన గడ్డి కప్పేసేవాడు, ఆవిడకి తెలియదనుకుని. ఒక పొద్దున పెరట్లో బకెట్టు పట్టుకుని నిలబడిపోయాడు. ఇటు చూస్తాడు, అటు చూస్తాడు.

"ఏం వెతుకుతున్నావు?" అంది బ్రోనా.

"ఇల్లు," అన్నాడు. ఇల్లు ఎదురుగానే ఉంది.

ఆ తర్వాత నవ్వేశాడు. వేళాకోళానికి అన్నానన్నాడు. ఆవిడ నవ్వలేదు. పాప మేవ్‌ని చంకనేసుకుని అతని వెంటే పాకలోకి వెళ్ళింది.

"డాక్టరుకి చూపించుకో ఫర్గల్."

"చూపిస్తే కూర్చోబెడతారు."

"కూర్చుంటే ఏమవుతుంది?"

"ఏమవుతుందా? మా తాత ఆడాడు, మా నాన్న ఆడాడు. ఇద్దరూ ఆ కప్పుని ముట్టుకోకుండానే పోయారు. ఈ ఊళ్ళో ఒక్కరికి తెలిసినా నా పని అంతే. ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యి. మేవ్ మీద వెయ్యి."

"చంటిపిల్ల మీద ఒట్లేంటి, నీకేమైనా పిచ్చా?"

"వెయ్యి, బ్రోనా."

అతను అలా బతిమాలడం ఆవిడెప్పుడూ చూడలేదు. ఈ ఊళ్ళో ఎవరికీ చెప్పనని వేసింది.

బ్రోనా పెద్దగా చదువుకోలేదు. అమ్మ మంచాన పడితే చూసుకోడానికి మనిషి కావాలని మధ్యలోనే బడి మానేసింది. తలలో ఏముంటుందో, దెబ్బ మీద దెబ్బ పడితే అక్కడేం చెడుతుందో ఆవిడకి తెలియదు. కానీ జార్లత్‌ని చూసింది. డ్రమ్‌లాసాలో రొట్టెల కొట్టాయన కొడుకు, టర్లోకి ప్రాణస్నేహితుడు. ఒక దెబ్బ మానకముందే రెండో దెబ్బ తిన్నాడు. రెండోది పెద్దదేం కాదు, చూసినవాళ్ళకి అసలు దెబ్బే అనిపించలేదు. ఇప్పటికీ తల్లి చెంచాతో తినిపిస్తుంది. మూతి తుడుస్తూ, "ఇవాళ బాగా తిన్నాడు" అని వచ్చినవాళ్ళకి చెబుతుంది. బ్రోనా కళ్ళు మూసుకుంటే ఆ చెంచా కనిపించేది. చెంచా పట్టుకున్న చెయ్యి మాత్రం తనదే.

మనసాగక ఒకసారి డాక్టరుగారి ఆఫీసుకి ఫోను చేసింది.

"ఎవరికమ్మా? ఫర్గల్‌కా?" అంది ఫోనెత్తినావిడ గాభరాగా. "అయ్యో, ఆదివారం ఆడతాడు కదా? డాక్టరుగారబ్బాయి నిన్నే అంటున్నాడు, మన ధైర్యమంతా ఫర్గలేనని!"

"కాదండీ, పాపకి. జలుబు," అని పెట్టేసింది బ్రోనా.

ఊరు ఊరంతా ఎరుపూ తెలుపూ అయిపోయింది. కరెంటు స్తంభాలకి జెండాలు, పాల డబ్బాలకి రిబ్బన్లు. ఎవరో గొర్రెలకి కూడా ఎర్రరంగు పూసి రోడ్డుపక్క మేపుతున్నారు. అత్తగారు కొన్సెప్టా మనవరాలి కోసం ఎర్ర టోపీ అల్లింది.

"పిల్ల నెత్తిన డ్రమ్‌లాసా నీలం కనిపించిందో, పొయ్యిలో పడేస్తా," అంది. "టోపీనేలే, పిల్లని కాదు."

పొయ్యి దగ్గర కూర్చున్న ఆడవాళ్ళంతా పగలబడి నవ్వారు. బ్రోనా కూడా నవ్వింది. నవ్వకపోతే అదొక సంగతవుతుంది. ఈ ఊరికి కోడలై వచ్చి ఓ బిడ్డ తల్లయినా, ఆవిడ ఇంకా 'డ్రమ్‌లాసా పిల్లే'.

జట్టు జెర్సీలు ఒక్కో వారం ఒక్కో ఇల్లు ఉతకాలి. ఫైనల్ వారం వంతు బ్రోనాది. వంతు మార్చమని ఒకరిద్దరు గుసగుసలాడారట, ఆవిడ చేతికిస్తే నీళ్ళలో ఏం కలుపుతుందోనని. కొన్సెప్టాయే కసిరి నోళ్ళు మూయించింది. ఉతికి, తీగ మీద వరసగా ఆరేసింది బ్రోనా. గాలికి అన్నీ చేతులు ఊపుతున్నాయి. మూడో నంబరు జెర్సీ దగ్గర ఆగిపోయింది. దాన్ని పొయ్యిలో పడేస్తేనో? వేరేది ఇస్తారు. ఫర్గల్‌నే గదిలో పెట్టి గొళ్ళెం వేస్తేనో? తలుపు పగలగొట్టడానికి ఊరంతా వస్తుంది.

జెర్సీల సంచీ తీసుకెళ్ళడానికి గాఫ్నీ స్వయంగా వచ్చాడు. క్లబ్బుకి అధ్యక్షుడు, కౌన్సిల్ ఎన్నికల్లో నిలబడుతున్నాడు. కప్పు వస్తే గెలిచినట్టేనని ఆయనకి తెలుసు, అందరికీ తెలుసు. వీళ్ళు ఇల్లు కట్టుకోడానికి అనుమతి ఇప్పించింది కూడా ఆయనే. ఆ మాట ఆయన ఎప్పుడూ అనడు. ఇంటి గోడలు తట్టి చూస్తాడంతే.

"మన మొనగాడెలా ఉన్నాడమ్మా?" అన్నాడు గోడ తడుతూ.

బ్రోనా గుమ్మం పట్టుకుంది. ఒట్టు గుర్తొచ్చింది, చెంచా గుర్తొచ్చింది. "తలనొప్పంటున్నాడండీ... ఈమధ్య తరచుగా."

"ఫైనల్ ముందు తలనొప్పి ఎవరికి లేదు? నాకూ ఉంది, మా ఆవిడకీ ఉంది." నవ్వాడు. తర్వాత సంచీ భుజానికెత్తుకుని గొంతు తగ్గించాడు. "నీ మేలు కోరి చెబుతున్నానమ్మా. ఈ మాట ఇంకో చోట అనకు. ఫర్గల్ ఆడకపోతే ఎవరికి లాభం? డ్రమ్‌లాసాకి. నీ పుట్టిల్లెక్కడ? జనం రెండూ రెండూ కలుపుకుంటారు. నేను కలపను. జనం కలుపుతారు."

ఆయన కారు మలుపు తిరిగేదాకా బ్రోనా గుమ్మం పట్టుకునే ఉంది. అప్పుడు తెలిసొచ్చింది, ఈ ఊళ్ళో నోరు విప్పగలిగింది తనొక్కతే, ఎవరూ నమ్మని నోరూ తనదేనని.

మర్నాడు పొద్దున్నే పాపని తోపుడు బండిలో పడుకోబెట్టి వాగు వంతెన దాకా నడిచింది. వంతెనకి ఇటువైపు ఎర్రజెండాలు, అటువైపు నీలం. మధ్యలో ఏదీ లేదు. రమ్మని రాత్రే ఫోను చేసి చెప్పింది, టర్లో ట్రాక్టరు అవతల ఆపి దిగి వచ్చాడు.

"ఏంటే, పారిపోయి వచ్చేశావా? ఆలస్యమైనా మంచి పనే," అన్నాడు. బండిలోకి తొంగి చూశాడు. "ఛీ, ఈ ఎర్రటోపీ ఏంటి మేనకోడలికి? టమాటాలా ఉంది పాపం."

"టర్లో, నవ్వించకు. ఎవరైనా చూసేలోగా ఒక మాట విను." చెప్పేసింది. స్తంభం, పంచదార, వాంతులు, పెరట్లో బకెట్టు, అన్నీ. చివర్లో "జార్లత్‌కి అయినట్టే ఉంది" అంది.

టర్లో తన టోపీ తీసి, చేతిలో నలిపి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఎందుకు చెప్పావే నాకు?"

"ఇంకెవరికి చెప్పను?"

"ఊళ్ళో వంద మందున్నారు కదే! నేనేం చెయ్యను ఇప్పుడు? మా ఊరు గెలిచి ఎన్నేళ్ళయిందో తెలుసా నీకు? ముసలాళ్ళు నా చెయ్యి పట్టుకుని, ఈ ఒక్కటీ చూసి పోతాం టర్లో అంటున్నారు. కొట్టకుండా ఆడమంటావా? పాలు పితక్కుండా ఆవు కింద కూర్చోమన్నట్టుంది."

"ఆడు. తల జోలికి మాత్రం వెళ్ళకు."

"గాల్లో ఉన్నప్పుడు తలెక్కడుందో, చెయ్యెక్కడుందో చూసుకుంటారా ఎవరైనా?" గిరుక్కున వెనక్కి తిరిగాడు. "నేనేం మాటివ్వను. విన్నావా? ఇవ్వను."

"మీ వాళ్ళకి మాత్రం చెప్పకు."

ఆ మాటకి ఆగాడు. వెనక్కి తిరిగి ఆవిడ వైపు చూసిన చూపు బ్రోనా ఈనాటికీ మరిచిపోలేదు. ట్రాక్టరెక్కి వెళ్ళిపోయాడు.

తిరిగి వస్తూ బ్రోనా దారి మధ్యలో బండి ఆపేసింది. తనేం చేసినట్టు? ఎదుటి జట్టువాడికి ఎక్కడ కొట్టాలో తనే వేలు పెట్టి చూపించింది. టర్లో మంచివాడే. కానీ వాళ్ళ శిక్షకుడు మంచివాడా? ఒక్క మాట అతని చెవిన పడితే చాలు. మొదటి బంతికే ముగ్గురు మీద పడతారు. పాప ఏడుస్తోంది. ఆ ఏడుపు చాలాసేపటి దాకా ఆవిడకి వినిపించనేలేదు.

ఆదివారం మైదానం కిక్కిరిసిపోయింది. బ్రోనా, కొన్సెప్టా మెట్ల మీద పక్కపక్కనే కూర్చున్నారు, పాప బ్రోనా ఒళ్ళో. బ్యాండు వాయిస్తూ రెండు జట్లనీ మైదానం చుట్టూ తిప్పారు. ఫర్గల్ ముందువాడి వీపు చూస్తూ నడుస్తున్నాడు. అతను ఎప్పుడూ జనం వైపు చూసి, పాప కోసం వెతికి, చెయ్యి ఊపేవాడు.

విజిల్ ఊదారు. మొదటి బంతే పొడుగ్గా, ఎత్తుగా వచ్చింది. ఫర్గల్ ఎగిరాడు. బ్రోనా కళ్ళు మూసుకుంది. జనం హోరు. కళ్ళు తెరిచి చూస్తే బంతి ఫర్గల్ చేతుల్లో ఉంది. టర్లో నేల మీదే ఉన్నాడు. ఎగరలేదు.

రెండో బంతికీ ఎగరలేదు. మూడోదానికి ఆలస్యంగా, చేతులు కిందికి పెట్టుకుని ఏదో ఎగిరాననిపించాడు.

"ఒరేయ్ టర్లో! కాళ్ళకి మేకులు కొట్టారేంట్రా?" అరిచారు డ్రమ్‌లాసా వైపు నుంచి.

"బావగారికి మర్యాదలు చేస్తున్నాడు!"

"కుర్చీ వెయ్యండ్రా, కూర్చుంటాడు!"

కిల్‌టోనా వాళ్ళు కడుపు పట్టుకుని నవ్వుతున్నారు. బ్రోనా పక్కనున్నావిడ మోచేత్తో పొడిచి, "మీ అన్నయ్యకి మావాడంటే దడ పుట్టింది చూడు!" అంది. బ్రోనా తలూపింది. పాప టోపీ అంచు వేళ్ళతో నలుపుతూనే ఉంది. దారాలు ఊడి వస్తున్నాయి.

నేల మీద బంతి దొరికినప్పుడల్లా టర్లో దాన్ని గోలు పైనుంచి దాటించి పాయింట్లు కొడుతూనే ఉన్నాడు. దూరం నుంచి, పక్క నుంచి, ఎడమ కాలితో. అందుకే అతన్ని తీసెయ్యలేదు. పైబంతి మాత్రం ఒక్కటీ ముట్టలేదు. డ్రమ్‌లాసాకి బలమే పైబంతి.

ఆట చివరికొచ్చేసరికి కిల్‌టోనా ఒక్క పాయింటు ముందుంది. సూర్యుడు ఆకాశం అంచుకి దిగి, గోలు వైపు నేరుగా కొడుతున్నాడు. ఆఖరి బంతి అవతలి సగంలోంచి లేచింది. ఫర్గల్ దానికోసం ముందుకు రావాలి. రాలేదు. రెండు చేతులూ కళ్ళకి అడ్డం పెట్టుకుని తన గోలు వైపు తిరిగిపోయాడు.

కొన్సెప్టా బ్రోనా మణికట్టు పట్టుకుంది. "వాడు ఎటు తిరిగాడే?" అంది. "ఎటు తిరిగాడు వాడు?"

డ్రమ్‌లాసా పదకొండో నంబరువాడు, ఎద్దులాంటి మనిషి, కళ్ళు బంతి మీదే పెట్టి పరుగెత్తుకొస్తున్నాడు. అతని దారిలో ఫర్గల్ తల వెనకభాగం ఉంది. అది బ్రోనాకి కనిపిస్తోంది. పాపతో సహా లేచి నిలబడింది.

టర్లో బంతికి వీపు తిప్పాడు. తన జట్టువాడికే ఎదురెళ్ళి భుజం అడ్డం పెట్టాడు. ఇద్దరూ ఢీకొన్న చప్పుడు మెట్ల దాకా వినిపించింది. బంతి గోలు పక్కనుంచి దొర్లుకుంటూ బయటికి పోయింది. విజిల్.

ఎరుపంతా ఒక్కసారిగా మైదానంలోకి దూకింది. నీలం వైపు అలాగే కూర్చుని టర్లో వైపు చూస్తోంది. అతను భుజం పట్టుకుని నేల మీద ఉన్నాడు. చెయ్యి అందించడానికి ఒక్కరూ వెళ్ళలేదు.

కప్పు ఎత్తారు. ఫర్గల్ కనిపించలేదు. బ్రోనా జనాన్ని తోసుకుంటూ వెతుకుతుంటే, నీలం కండువా మనిషొకడు వచ్చి, "నువ్వేనా టర్లో చెల్లెలివి? రా, త్వరగా," అన్నాడు.

ఫర్గల్ డ్రమ్‌లాసా వాళ్ళ గదిలో ఉన్నాడు. ఓడినవాళ్ళ మధ్య బెంచీ మీద కూర్చుని ప్రశాంతంగా బూట్ల తాళ్ళు విప్పుకుంటున్నాడు. వెక్కిరించడానికి వచ్చాడనుకుని ఇద్దరు అతని కాలరు పట్టుకున్నారు.

"వదలండ్రా," అంటున్నాడు టర్లో, వేలాడుతున్న చేత్తోనే అడ్డం నిలబడి. "వాడికి బాలేదు. చూస్తుంటే తెలియట్లేదా?"

ఫర్గల్ తలెత్తి బ్రోనాని చూసి మర్యాదగా నవ్వాడు, ఎవరో కొత్త మనిషిని చూసినట్టు. "ఎప్పుడు మొదలవుతుందండీ ఆట?" అన్నాడు.

ఆస్పత్రికి బ్రోనాయే కారు నడిపింది. వెనక సీట్లో కొన్సెప్టా కొడుకు తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. దారి పొడుగునా కొండల మీద మంటలు వేస్తున్నారు, గెలిచినందుకు.

"టీలో పంచదార," అంది కొన్సెప్టా ఉన్నట్టుండి. "నేనూ చూశాను పిల్లా. చూసి ఊరుకున్నాను."

తలలో నెత్తురు కారుతోందన్నారు. సమయానికి తెచ్చారన్నారు. ఇంకొక్క దెబ్బ తగిలుంటే తెచ్చీ లాభం ఉండేది కాదని, అక్కడి డాక్టరు గొంతు పెంచకుండా చెప్పింది. ఫర్గల్ బతికాడు. మాట నెమ్మదించింది. కుడిచెయ్యి ఇంకా పూర్తిగా దారికి రాలేదు. కానీ పాప పేరు తెలుసు, ఇల్లు ఎటువైపుందో తెలుసు. బ్రోనాకి అంతకన్నా అక్కర్లేదు.

గాఫ్నీ మాత్రం ఊరికి ఇంకో కథ చెప్పాడు. కప్పు కోసం ఫైనల్లో తల పణంగా పెట్టిన వీరుడన్నాడు. ఆ కథ మీదే ఎన్నిక గెలిచాడు. డ్రమ్‌లాసాలో ఇంకోటి పుట్టింది: టర్లో అమ్ముడుపోయాడని.

ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక, చర్చి బయట అందరూ ఉండగా బ్రోనా నోరు విప్పింది. "దెబ్బ సెమీఫైనల్లోనే తగిలింది. నేనే వెళ్ళి మా అన్నకి చెప్పాను. టర్లో అందుకే ఎగరలేదు."

గాఫ్నీ ఆవిడ భుజం తట్టాడు. "తోడబుట్టినవాడి మీద ప్రేమ ఉండాల్సిందేనమ్మా," అన్నాడు అందరికీ వినపడేలా. ఫర్గల్ తడబడుతూ, "నిజమే... నిజం," అన్నాడు. దెబ్బ తిన్న తల కదా పాపం అని వాళ్ళు అతని భుజమూ తట్టారు.

ఆ మాట వాగు దాటింది. అక్కడికి చేరేసరికి మరోలా అయింది. కిల్‌టోనా వాళ్ళు చెల్లెలికి నాటకం నేర్పి, పసిపిల్లతో సహా వంతెన మీదికి పంపారట. వెర్రి టర్లో నమ్మేశాడట. మంచి చేయబోయి ఆవిడ అన్నని దొంగ నుంచి వెర్రివాణ్ణి చేసింది.

టర్లో ఫోనులో ఒక్కసారే మాట్లాడాడు. "నువ్వు రాకు బ్రోనా. నీ కారు మా గుమ్మంలో కనిపిస్తే వాళ్ళన్నదే నిజమంటారు. ఫర్గల్ ఎలా ఉన్నాడు?"

"బాగున్నాడు. నీ భుజం?"

"ఉంది," అన్నాడు. ఆ తర్వాత ఫోనెత్తలేదు.

ఒంటి చేత్తో పాడి చెయ్యలేక ఆవులు అమ్మేశాడని ఎవరో అన్నారు. సంతకి రావట్లేదన్నారు. జార్లత్ తల్లి ఒక్కతే రొట్టె పట్టుకెళ్ళి గుమ్మంలో పెట్టి వస్తుందట. మొన్నటి రొట్టె అక్కడే ఉందని చెప్పిందట. బ్రోనా భయం ఫర్గల్‌ని వదిలి వాగు దాటి, ఆ ఇంట్లో కూర్చుంది. ఇప్పుడు కళ్ళు మూసుకుంటే ఆవిడకి చెంచా కనిపించదు, మూసిన తలుపు ముందు రొట్టె కనిపిస్తుంది. వంతెన దాకా వెళ్తుంది, జెండాలు తీసేసిన స్తంభాల దగ్గర నిలబడుతుంది, వెనక్కి వస్తుంది.

మీది ఆ ఊరూ కాదు, ఈ ఊరూ కాదు. మీ కారుని ఎవరూ గుర్తుపట్టరు. ఎప్పుడైనా అటు వెళ్తే, వంతెన దాటాక ఎడమవైపు రెండో సందు, నీలం గేటు. ముందు తలుపు కొట్టకండి, తియ్యడు. పెరటివైపు వెళ్ళండి. ఆట మాట ఎత్తకండి. దారి తప్పామనండి, మంచినీళ్ళు అడగండి. తిన్నాడో లేదో మొహం చూస్తే మీకే తెలుస్తుంది. మేవ్ నడుస్తోందని చెప్పండి. ఒకవేళ తలుపు తియ్యకపోతే మాత్రం అలాగే వెళ్ళిపోకండి. దయచేసి, ఒక్కసారి కిటికీలోంచి లోపలికి చూడండి.